రక్తదానం – హిమోగ్లోబిన్

అన్నదానం ఆకలిని తీరుస్తుంది. విద్యాదానం అజ్ఞానాన్ని తొలగిస్తుంది. రక్తదానం ఆయువును నిలుపుతుంది. అయితే దాత ఇచ్చిన రక్తం రోగి దేహంలో ఏ మేరకు పనిచేస్తుందో, ఎంతకాలం నిలుస్తుందో ఎరిగినవారు తక్కువ.

రక్తానికి ఎరుపునిచ్చేది హిమోగ్లోబిన్. ఇనుముతో కూడిన ఈ మాంసకృత్తు ఎర్ర రక్తకణాలలో ఉండి, ఊపిరితిత్తుల నుండి ప్రాణవాయువును దేహమంతటికీ చేరవేస్తుంది. ఇది తగ్గితే నీరసం, ఆయాసం, గుండెదడ కలుగుతాయి. 1901లో కార్ల్ లాండ్‌స్టీనర్ రక్తవర్గాలను వెల్లడించడంతో సురక్షితమైన రక్తమార్పిడికి మార్గం ఏర్పడింది. ఒక యూనిట్ ఎర్ర రక్తకణాలు ఎక్కిస్తే, పెద్దవారిలో హిమోగ్లోబిన్ డెసిలీటరుకు సుమారు 1 గ్రాము పెరుగుతుంది. అనగా 6 గ్రాములున్న రోగి రెండు యూనిట్లతో 8 గ్రాములకు చేరుకొంటాడు. రక్తస్రావం ఆగకపోతే ఆ పెరుగుదల కూడా నిలువదు.

తొండుపల్లి, శంషాబాదుల నుండి హైదరాబాదు నగరానికి వెళ్ళే దారిలో శివరాంపల్లి ఉంది. 1998లో ఏర్పడిన తలసీమియా, సికిల్ సెల్ సొసైటీ అక్కడ బాధితులకు రక్తం ఎక్కిస్తున్నది. తీవ్రమైన తలసీమియా గల పిల్లల దేహం తగినంత హిమోగ్లోబిన్‌ను తయారుచేసుకోలేదు. ఎక్కించిన కణాలు క్రమంగా నశిస్తాయి. అందువలన రెండు నుండి ఐదు వారాలకొకసారి రక్తం ఎక్కించవలసిందే. మరల ఎక్కించే నాటికి హిమోగ్లోబిన్ సుమారు 9.5 గ్రాములకు తగ్గకుండా చూడడం వైద్యుల లక్ష్యం.

ఇందులో మరొక చిక్కు ఉంది. ప్రతి యూనిట్‌తో 200 మిల్లీగ్రాములకు పైగా ఇనుము దేహంలో చేరుతుంది. దానిని విసర్జించే మార్గం శరీరానికి లేదు. అది గుండె, కాలేయాలలో పేరుకొని హాని చేస్తుంది. కాబట్టి ఇనుమును తొలగించే మందులు తప్పనిసరి.

రక్తహీనతలన్నింటికీ రక్తమార్పిడి అవసరం లేదు. ఇనుము లోపానికి ఇనుము మాత్రలు చాలు. ఫోలిక్ ఆమ్ల లోపానికి ఆ ఆమ్లమే ఔషధం. 1945లో దానిని కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడు మన యల్లాప్రగడ సుబ్బారావు.

దంపతులిద్దరూ తలసీమియా వాహకులైతే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి సోకే అవకాశం 25 శాతం. వివాహానికి ముందే రక్తపరీక్ష చేయించుకొంటే ఈ ముప్పును ముందుగా గుర్తించవచ్చు.

విద్యార్థులారా! 18 సంవత్సరాలు నిండి, 45 కిలోల బరువు, 12.5 గ్రాముల హిమోగ్లోబిన్ గల ఆరోగ్యవంతులు రక్తదానానికి అర్హులు. ఆ వయస్సు రాగానే మీరిచ్చే రక్తం ఒక పసిబిడ్డకు కొన్ని వారాల ఆయువు. ఆ వారాలు గడవగానే ఆ బిడ్డ మరొక దాత కోసం ఎదురుచూస్తుంది.

ప్రశ్నలు
1. తలసీమియా బాధితులకు పలుమార్లు రక్తం ఎక్కించవలసి రావడానికి కారణమేమి?
2. రక్తమార్పిడి వలన కలిగే మేలును, చిక్కును వివరించండి.