ఒకే కంప్యూటర్‌లో విండోస్, లినక్స్: తల్లిదండ్రులు పక్కన కూర్చుని చేయించాల్సిన పని



ఎనిమిది, తొమ్మిది తరగతులకు వచ్చాక కొందరు పిల్లలు ఇంట్లో ఒక మాట అడుగుతారు: "మన కంప్యూటర్‌లో లినక్స్ కూడా వేసుకోవచ్చా?" వినగానే చాలామంది వద్దంటారు. ఆ భయంలో న్యాయం ఉంది. ఎక్కువ ఇళ్లలో ఉన్నది ఒకటే కంప్యూటర్. నాన్నగారి ట్యాలీ లెక్కలు, అమ్మ దాచుకున్న సర్టిఫికెట్ల స్కాన్లు, తాతయ్య షష్టిపూర్తి ఫొటోలు, పాప ప్రాజెక్టు ఫైళ్లు అన్నీ అందులోనే ఉంటాయి. ఒక్క బటన్ తప్పుగా నొక్కితే అవన్నీ చెరిగిపోవచ్చు. అలాగని అసలు వద్దనేస్తే నేర్చుకోవాలన్న ఉత్సాహం చల్లారిపోతుంది. లేదా మీరు లేనప్పుడు పిల్లలు సొంతంగా ప్రయత్నిస్తారు. అది ఇంకా ప్రమాదం. అందుకే ఈ నెల ఈ పాఠం మీ ఇద్దరికీ కలిపి.

లినక్స్ అంటే ఏమిటి?

విండోస్ లాగే లినక్స్ కూడా కంప్యూటర్‌ను నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్. 1991లో ఫిన్లాండ్‌లోని హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ దీని మూల భాగాన్ని, అంటే కెర్నల్‌ను, రాయడం మొదలుపెట్టాడు. అప్పుడు అతని వయసు 21 ఏళ్లు. ఆ కోడ్‌ను ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. మీ చేతిలోని ఆండ్రాయిడ్ ఫోన్ లోపల ఉన్నదీ లినక్స్ కెర్నలే. ప్రపంచంలోని 500 అత్యంత వేగవంతమైన సూపర్ కంప్యూటర్లు 2017 నవంబర్ జాబితా నుంచి అన్నీ లినక్స్ మీదే నడుస్తున్నాయి. మన దేశంలో సీడాక్ సంస్థ 'బాస్' పేరుతో భారతీయ భాషలున్న లినక్స్‌ను తయారుచేసింది. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో ఏళ్ల తరబడి కంప్యూటర్ పాఠాలు లినక్స్ మీదే జరుగుతున్నాయి.

లినక్స్‌లో చాలా రకాలున్నాయి. కొత్తవారికి ఉబుంటు, లినక్స్ మింట్ సులువు. రెండూ ఉచితం. ఈ పాఠంలో ఉబుంటు 24.04ను ఉదాహరణగా తీసుకుంటున్నాం. దానికి 4 జీబీ ర్యామ్, 25 జీబీ ఖాళీ స్థలం కనీసం కావాలి.

డ్యూయల్ బూట్: రెండు వాటాల ఇల్లు

ఒకే ఇంటికి మధ్యలో గోడ కట్టి రెండు వాటాలు చేసినట్టు ఊహించండి. హార్డ్ డిస్క్ ఆ ఇల్లు. ఒక్కో వాటాను పార్టిషన్ అంటారు. ఒక వాటాలో విండోస్, రెండో వాటాలో లినక్స్ ఉంటాయి. కంప్యూటర్ ఆన్ చేయగానే గ్రబ్ అనే చిన్న ప్రోగ్రామ్ వాకిట్లో నిలబడి "ఏ వాటాలోకి వెళ్తారు?" అని అడుగుతుంది. ఒకసారి ఒకదానిలోకే వెళ్లగలం. రెండో దానికి వెళ్లాలంటే రీస్టార్ట్ చేయాలి.

ఉన్న ఇంట్లో గోడ కట్టేటప్పుడు సామాను జాగ్రత్త చేసుకోవాలి కదా. ఈ పనిలో అసలు ప్రమాదమంతా అక్కడే ఉంది.

మీ ఇంటికి ఇది అవసరమా?

పాఠశాల పాఠ్యాంశం కోసమే అయితే తప్పనిసరి కాదు. సీబీఎస్ఈ 11, 12 తరగతుల కంప్యూటర్ సైన్స్‌లో ఉన్న పైథాన్, మైఎస్‌క్యూఎల్ రెండూ విండోస్‌లోనూ చక్కగా నడుస్తాయి. అయితే కంప్యూటర్ లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవాలన్న ఆసక్తి పిల్లల్లో ఉంటే లినక్స్ మంచి గురువు. అంతర్జాతీయ ఇన్ఫర్మేటిక్స్ ఒలింపియాడ్ పోటీలోనూ విద్యార్థులకు ఇచ్చేది ఉబుంటు ఆధారిత కంప్యూటరే.

ఇంకో కారణం కూడా ఉంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ సహకారం 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎమ్ 2.0 చిప్, ఆమోదిత జాబితాలోని ప్రాసెసర్ కావాలి. చాలా పాత ల్యాప్‌టాప్‌లలో అవి లేవు. అలాంటి కంప్యూటర్‌ను పారేయనక్కర్లేదు. ట్యాలీ వంటి విండోస్ పనులకు విండోస్‌ను అలాగే ఉంచి, ఇంటర్నెట్ పనులన్నీ ఎప్పటికప్పుడు అప్‌డేట్లు వచ్చే లినక్స్‌లో చేసుకోవచ్చు.

ఒకవేళ అది ఆఫీసువాళ్లు ఇచ్చిన ల్యాప్‌టాప్ అయితే మాత్రం ఈ పని చేయకండి. అది మీ సొత్తు కాదు.

మొదలుపెట్టే ముందు నాలుగు పనులు

ఒకటి, బ్యాకప్. ముఖ్యమైన ఫైళ్లన్నీ బయటి హార్డ్ డిస్క్‌లోకో పెన్ డ్రైవ్‌లోకో కాపీ చేయండి. తర్వాత దాన్ని వేరే కంప్యూటర్‌కు పెట్టి, రెండు మూడు ఫొటోలు, ఒక లెక్కల ఫైలు తెరిచి చూడండి. తెరుచుకుంటేనే బ్యాకప్ ఉన్నట్టు.

రెండు, బిట్‌లాకర్. చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్క్‌కు మీకు తెలియకుండానే ఈ తాళం పడి ఉంటుంది. దీనికి 48 అంకెల రికవరీ కీ ఉంటుంది. బూట్ అమరికలు మారగానే విండోస్ ఆ కీ అడగవచ్చు. అది లేకపోతే మీ ఫైళ్లు మీకే అందవు. మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఆ కీ ఉందేమో చూసి కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. తర్వాత సెట్టింగ్స్‌లో బిట్‌లాకర్‌ను లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్‌ను ఆఫ్ చేయండి. తాళం పూర్తిగా విప్పుకునేదాకా ఆగండి. ఇందుకు గంటపైన పట్టవచ్చు.

మూడు, ఫాస్ట్ స్టార్టప్. ఇది ఆన్‌లో ఉంటే షట్ డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. ఆ స్థితిలో విండోస్ వాటాలోని ఫైళ్లను లినక్స్ మార్చితే అవి పాడయ్యే అవకాశం ఉంది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కు వెళ్లి దీన్ని ఆపేయండి.

నాలుగు, కరెంటు. ల్యాప్‌టాప్‌కు ఛార్జర్ పెట్టే ఉంచండి. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ ఉండాలి. పార్టిషన్ మారుతుండగా కరెంటు పోతే డేటా పోవచ్చు.

వేసే పద్ధతి

1. స్థలం ఖాళీ చేయడం: విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. సీ డ్రైవ్ మీద కుడి క్లిక్ చేసి ష్రింక్ వాల్యూమ్ ఎంచుకోండి. అక్కడ ఎన్ని ఎంబీలు తగ్గించాలో అడుగుతుంది. ఇది పిల్లలకు మంచి లెక్క: 60 జీబీ కావాలంటే 60ని 1024తో గుణించాలి, అంటే 61,440 అని రాయాలి. విండోస్‌కు కూడా కనీసం 30 జీబీ ఖాళీ మిగలాలి. కొత్తగా వచ్చిన ఖాళీ స్థలాన్ని ఫార్మాట్ చేయకుండా అలాగే వదిలేయండి.

2. పెన్ డ్రైవ్ సిద్ధం చేయడం: ఉబుంటు అధికారిక సైట్ నుంచే ఫైలు దించుకోండి. 8 జీబీ లేదా అంతకన్నా పెద్ద పెన్ డ్రైవ్ తీసుకుని, రూఫస్ లేదా బలేనా ఎచర్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో ఆ ఫైలును ఎక్కించండి. పెన్ డ్రైవ్‌లో అంతకుముందున్నదంతా చెరిగిపోతుంది. కాబట్టి బ్యాకప్ పెట్టిన పెన్ డ్రైవ్‌ను దీనికి వాడకూడదు.

3. ముందు రుచి చూడటం: పెన్ డ్రైవ్ పెట్టి రీస్టార్ట్ చేసి, బూట్ మెనూ తెరవండి. డెల్, లెనోవోలలో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్‌లో ఎస్కేప్ కీ నొక్కాలి. ఉబుంటు తెర వచ్చాక ఇన్‌స్టాల్ చేయకుండా ట్రై ఉబుంటు ఎంచుకోండి. ఇప్పుడు లినక్స్ పెన్ డ్రైవ్ నుంచే నడుస్తుంది, హార్డ్ డిస్క్ మీద ఏమీ రాయదు. వైఫై, శబ్దం, టచ్‌ప్యాడ్ పనిచేస్తున్నాయా చూడండి. ఒక వారం ఇలాగే వాడి, పిల్లల ఆసక్తి నిలబడితేనే తర్వాతి మెట్టు ఎక్కండి.

4. ఇన్‌స్టాల్ చేయడం: ఈ మెట్టు దగ్గర పెద్దవాళ్లు తప్పకుండా పక్కన ఉండాలి. ఇన్‌స్టాలర్ కొన్ని దారులు చూపిస్తుంది. విండోస్ బూట్ మేనేజర్ పక్కన ఉబుంటును ఇన్‌స్టాల్ చేయమనే "ఇన్‌స్టాల్ అలాంగ్‌సైడ్" అన్నదే మనకు కావాలి. "ఎరేజ్ డిస్క్" అన్నది నొక్కితే విండోస్, దానితో పాటు ఫైళ్లన్నీ పోతాయి. తెర మీదున్న మాటలను పిల్లల చేత పైకి చదివించి, మీరు విన్నాకే నొక్కనివ్వండి.

పక్కన ఇన్‌స్టాల్ చేసే దారి కనిపించకపోయినా, డిస్కే కనిపించకపోయినా అక్కడితో ఆపేయండి. పెన్ డ్రైవ్ తీసి రీస్టార్ట్ చేస్తే విండోస్ మామూలుగా వస్తుంది. బయోస్‌లో ఏదో ఒకటి మార్చి చూద్దామనుకుంటే విండోస్ తెరుచుకోకుండా పోయే ప్రమాదం ఉంది. తెలిసినవారిని అడిగాకే ముందుకు వెళ్లండి.

తర్వాత వచ్చే మూడు సందేహాలు

గడియారం ఎందుకు తప్పుతుంది? లినక్స్ వాడి విండోస్‌కు వచ్చాక ఉదయం పది గంటలకు తెల్లవారుజామున 4:30 అని చూపించవచ్చు. కంప్యూటర్ పాడవలేదు. మదర్‌బోర్డులోని గడియారాన్ని లినక్స్ ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంచుతుంది, విండోస్ దాన్నే స్థానిక సమయం అనుకుంటుంది. కాకినాడ దగ్గరగా వెళ్లే 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మన ప్రామాణిక సమయానికి ఆధారమని పిల్లలు చదువుకున్నదే. ఒక డిగ్రీకి 4 నిమిషాల చొప్పున 82.5ను 4తో గుణిస్తే 330 నిమిషాలు, అంటే అయిదున్నర గంటలు. తేడా ఎక్కడిదో పిల్లలనే చెప్పమనండి. విండోస్ సమయం సెట్టింగ్స్‌లో సింక్ నౌ నొక్కితే అప్పటికి సరిపోతుంది.

లినక్స్‌లో దాచిన ఫైళ్లు విండోస్‌లో ఎందుకు కనబడవు? విండోస్ వాటాను లినక్స్ చదవగలదు. లినక్స్ వాటాను విండోస్ మామూలుగా చదవలేదు. అందుకని డిస్క్ మేనేజ్‌మెంట్‌లో పేరులేని పార్టిషన్ కనబడితే ఖాళీదనుకుని డిలీట్ చేయకండి, ఫార్మాట్ చేయకండి. అది మీ పిల్లల వాటా.

తెలుగులో టైప్ చేయవచ్చా? చేయవచ్చు. కీబోర్డ్ సెట్టింగ్స్‌లో తెలుగును చేర్చుకుంటే చాలు. ఖగోళం నేర్పే స్టెల్లేరియం, గణితానికి జియోజీబ్రా, చిన్నపిల్లలకు జీకాంప్రి, ఆఫీసు పనులకు లిబ్రే ఆఫీస్ ఉచితంగా దొరుకుతాయి.

తీసేయాలనుకుంటే

లినక్స్ పార్టిషన్‌ను ముందే డిలీట్ చేస్తే, గ్రబ్ దారి తెలియక నల్ల తెర మీద ఆగిపోతుంది. కాబట్టి మొదట బయోస్‌లోని బూట్ వరుసలో విండోస్ బూట్ మేనేజర్‌ను పైకి తెచ్చి, విండోస్ నేరుగా తెరుచుకుంటోందో లేదో చూడండి. ఆ తర్వాతే లినక్స్ పార్టిషన్‌ను తొలగించి, ఆ స్థలాన్ని సీ డ్రైవ్‌కు కలపండి.

ఈ నెల ఇంటి పని

ఈ ఆదివారం ఇన్‌స్టాల్ చేయవద్దు. పిల్లలతో కలిసి ఒక కాగితం మీద ఇంట్లో కంప్యూటర్‌లో ఉన్న ముఖ్యమైన ఫైళ్ల జాబితా రాయండి. ఏది పోతే మళ్లీ తెచ్చుకోలేమో దాని పక్కన గుర్తు పెట్టండి. ఆ గుర్తున్న వాటన్నిటికీ బ్యాకప్ తీసే బాధ్యత పిల్లలకే అప్పగించి, పూర్తయ్యాక మీరు తెరిచి చూడండి. లినక్స్ వేసినా వేయకపోయినా ఈ పని వృథా కాదు. ఇంట్లో అందరి వస్తువుల విలువ తెలుసుకుని జాగ్రత్త చేయగలిగిన పిల్లల చేతికి కంప్యూటర్‌ను నమ్మకంగా ఇవ్వవచ్చు.