బెల్ట్ బాగానే ఉందట!

ప్రశ్న: మాది 2014 డస్టర్ డీజిల్. బాబు అమెరికా వెళ్లాక పెద్దగా తిరగడం లేదు, ఇప్పటికి 46 వేల కిలోమీటర్లే. మెకానిక్ కవర్ విప్పి చూసి, ‘టైమింగ్ బెల్ట్ బాగానే ఉంది సార్, ఇంకో రెండేళ్లు చూద్దాం’ అన్నాడు. ఆగొచ్చా? – గుంటూరు పాఠకుడు

జవాబు: ఆగకూడదు. ‘బండి తిరగలేదు కదా’ అనే మాట ఈ శీర్షికకు అదే పనిగా వస్తోంది, వచ్చిన ప్రతిసారీ ఒళ్లు మండుతోంది. షెడ్డులో నిలబెట్టిన బండిలోనూ రబ్బరు ముసలిదవుతుంది. తయారీదారులు కిలోమీటర్లతో పాటు ఏళ్లు కూడా రాసేది అందుకే. ఏది ముందొస్తే అదే గడువు. పదేళ్లు దాటిన బెల్ట్‌కు మీటరు చూపించి ఆయుష్షు పోయడం కుదరదు.

కవర్ విప్పి చూస్తే తెలిసేదేమిటి? పగుళ్లో, పీచు లేచిన అంచులో, ఆయిల్ మరకలో కనిపిస్తే వెంటనే మార్చాలని తెలుస్తుంది. కనిపించకపోతే ఏమీ తెలియదు. బరువు మోసేది రబ్బరు లోపల ఉండే గాజుపీచు తాళ్లు. వాటిని చూసినవాళ్లు ఎవరూ లేరు, తెగాక తప్ప. 1962లో జర్మనీ కారు గ్లాస్ ఎస్ 1004తో పళ్ల బెల్ట్ వచ్చింది. దాని గుణం ఒకటే: చప్పుడు చేయదు, నూనె అడగదు, చెప్పి తెగదు.

క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరగాలి. ఆ లెక్క తప్పకుండా చూసేది ఈ బెల్టే. ఇంజిన్ 3000 ఆర్‌పీఎం మీద ఉంటే పిస్టన్ సెకనుకు 50 సార్లు పైకి వస్తుంది. బెల్ట్ తెగితే క్యామ్ ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. తెరుచుకున్న వాల్వులు అలాగే ఉండిపోతాయి, పిస్టన్ వచ్చి వాటిని గుద్దుతుంది. డీజిల్ ఇంజిన్లలో మధ్య జాగా మరీ తక్కువ. వాల్వులు వంగుతాయి, హెడ్ దింపాలి. బెల్ట్ దగ్గర మిగుల్చుకున్న డబ్బు ఆ పనిలో ఏ మూలకూ రాదు.

ఇంకో అతితెలివి, బెల్ట్ ఒక్కటే మార్చి చేతులు దులుపుకోవడం. డస్టర్ డీజిల్‌లో వాటర్ పంపును తిప్పేదీ ఇదే బెల్ట్. పాత పంపు బేరింగ్ పట్టేస్తే కొత్త బెల్ట్ కూడా దాంతోపాటే పోతుంది. టెన్షనర్, పంపు కలిపి కిట్‌గా వేయించాలి. ఆయిల్ సీల్ కారుతుంటే అదీ అప్పుడే మార్చాలి. తీసిన సామాను చేతికి ఇమ్మనాలి, ఇందులో మొహమాటం అక్కర్లేదు. పాత టెన్షనర్‌ను వేలితో తిప్పితే గరగరమంటే, మార్చింది మంచిదే అయింది.

ప్రశ్న: పాత జెన్‌కు బయట షెడ్డులో కొత్త టైమింగ్ బెల్ట్ వేయించాం. అప్పట్నుంచి యాక్సిలరేటర్ తొక్కితే ఊళ వేస్తోంది. ‘బిగుతుగా ఉంటేనే మంచిది, పోనుపోను సాగుతుంది’ అంటున్నారు. నిజమేనా? – కరీంనగర్ పాఠకురాలు

జవాబు: సాగదు. సాగకూడదనే లోపల గాజుపీచు పెట్టారు. మామూలుగా చప్పుడు చేయని బెల్ట్ ఊళ వేస్తోందంటే మోతాదు మించి బిగించారనే అనుమానించాలి. ఆ బిగువు భారమంతా బేరింగుల మీద పడుతుంది. మరీ వదిలేస్తే బెల్ట్ పుల్లీ మీద పన్ను దాటుతుంది, టైమింగ్ తప్పుతుంది.

జెన్ టెన్షనర్‌కు స్ప్రింగు ఉంది. ఎంత బిగువు కావాలో ఆ స్ప్రింగుకు తెలుసు. ఇంజిన్ చల్లారాక మార్కులు కలిపి, టెన్షనర్ బోల్టులు వదులు చేసి, స్ప్రింగును తన పని తనను చేయనివ్వాలి. తర్వాత క్రాంక్ బోల్టుకు పానా పెట్టి, ఇంజిన్ తిరిగే వైపే, చేత్తో నెమ్మదిగా రెండు పూర్తి చుట్లు తిప్పాలి. అప్పుడు బెల్ట్ పుల్లీల మీద సర్దుకుని, వదులంతా టెన్షనర్ వైపు చేరుతుంది. ఆ తర్వాతే బోల్టులు బిగించాలి, మార్కులు మళ్లీ చూడాలి. తిప్పుతుంటే మధ్యలో గట్టిగా ఏదైనా తగిలితే బలవంతం చేయకుండా అక్కడే ఆపాలి.

చాలా షెడ్లలో జరిగేది వేరు. స్క్రూడ్రైవర్‌తో టెన్షనర్‌ను మీటి, ‘ఇక కదలదు’ అనేదాకా బిగిస్తారు. జెన్‌లో ఊళకు కారణం అదే కావచ్చు. బండి తిప్పకుండా తీసుకెళ్లి, బిగువు మొదటి నుంచీ కట్టించాలి. డస్టర్ లాంటి వాటిలో మీటే ఆటలు అసలే సాగవు: క్రాంక్‌నూ క్యామ్‌నూ పిన్నులతో కదలకుండా పెట్టి, టెన్షనర్ ముల్లును గుర్తుకు కలపాలి.

ప్రశ్న: స్విఫ్ట్ డీజిల్ 1.3కి టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చాలి? – అనకాపల్లి పాఠకుడు

జవాబు: ఎప్పుడూ అక్కర్లేదు, అందులో ఉన్నది చైన్, దానికి కావాల్సింది వేళకు మంచి ఆయిల్.

ప్రశ్న: హైవే మీద ఇంజిన్ ఠక్కున ఆగింది. సెల్ఫ్ కొడితే ఎప్పటికన్నా తేలిగ్గా గిర్రున తిరుగుతోంది, అందుకోవడం లేదు. మళ్లీ మళ్లీ కొట్టి చూడొచ్చా? – నెల్లూరు పాఠకుడు

జవాబు: వద్దు. అంత తేలిగ్గా తిరగడమంటే లోపల కంప్రెషన్ నిలవడం లేదనే అర్థం. బెల్ట్ తెగి ఉండొచ్చు. నలుగుర్నీ పిలిచి తోయించి గేరు వేయడం అసలే వద్దు. టోయింగ్ బండి పిలిపించాలి. షెడ్డులో ముందు పైకవర్ తీయించి బెల్ట్ చూడమనాలి. తెగి ఉంటే, ‘కొత్తది వేసి ఒకసారి స్టార్ట్ చేద్దాం’ అన్నా ఒప్పుకోకూడదు. వాల్వుల సంగతి తేలాకే కొత్త బెల్ట్.