గురువు గీసిన గీత

విద్యార్థులారా! మీరు ఎప్పుడైనను తోలుబొమ్మలాట చూచితిరా? చూడనివారే మీలో ఎక్కువమంది యుందురు. అయినను మీ తాతలను, అవ్వలను అడిగి చూడుడు. ఆ మాట వినగానే వారిలో పెక్కుమంది ముఖములు వికసించును.

వారి చిన్ననాట, పంటలు ఇండ్లకు చేరిన పిమ్మట, ఏదో యొక సాయంకాలమున ఊరి బయట బండ్లు ఆగెడివి. చీకటి పడులోపల ఆటగాండ్రు గుంజలు పాతి, తెల్లని పంచలను తెరగా కట్టి, దాని వెనుక దీపములు వెలిగించెడివారు. పూర్వకాలమున అవి ఆముదపు దీపములు. మద్దెల మ్రోగెడిది. మొదట విఘ్నేశ్వరుడు, పిదప సరస్వతి తెరపై దర్శనమిచ్చెడివారు. ఆపైన రామలక్ష్మణులు, సీత, ఆంజనేయుడు, పదితలల రావణుడు ఒకరి తరువాత ఒకరు వచ్చి మాటలాడెడివారు, పాడెడివారు, పోరాడెడివారు. నడుమ జుట్టుపోలిగాడు, కేతిగాడు, బంగారక్క ప్రవేశించి ఊరివారిని కడుపుబ్బ నవ్వించెడివారు. యుద్ధఘట్టము వచ్చినప్పుడు తెర వెనుకనున్నవారు కాళ్లక్రింది చెక్కపలకలను తొక్కి, పిడుగులు పడినట్లు చప్పుడు చేసెడివారు. ఆట తెల్లవారువరకు సాగెడిది. వానలు కురియని యేట, ఆట ఆడించినచో వరుణుడు కరుణించునను నమ్మికతో ఆటగాండ్రను ప్రత్యేకముగ పిలిపించిన గ్రామములును కలవు.

ఈ కళ మనకు నిన్న మొన్న వచ్చినది కాదు. పాల్కురికి సోమనాథుడు తన పండితారాధ్యచరిత్రమునందే బొమ్మలాటలను పేర్కొనెను. ఆటగాండ్రు పాడు ద్విపదలలో పెక్కు రంగనాథరామాయణములోనివి. ఇందొక ఆశ్చర్యకరమైన సంగతి కలదు. ఈ కళను నమ్ముకొన్న కుటుంబములలో పెక్కు ఇంటిలో ఆరె మరాఠీ భాష మాటలాడును. తమ పూర్వులు మహారాష్ట్రమునుండి వచ్చిరని వారు చెప్పుకొందురు. ఇంట పలుకు భాష యొకటి, తెర వెనుక పాడు భాష వేరొకటి. బడిచదువు లేనివారు సైతము తెలుగు ద్విపదను నోటనే నిలిపి, తమ బిడ్డలకు అప్పగించుచు వచ్చిరి.

పాట నోటినుండి నోటికి చేరినది. మరి బొమ్మ చేయు విద్య ఎట్లు చేరినది? దానికి పాఠ్యగ్రంథము లేదు, పరీక్ష లేదు. చేయి చూచి చేయి నేర్చుకొనవలసినదే. అది యెట్లో తెలిసికొనుటకు రాయలసీమలోని ఒక ఇంటిని ఊహించుకొందము. వసారాలో ఒక వృద్ధశిల్పి కూర్చుండెను. ఆయన యెదుట పదేండ్ల మనుమడు కలడు.

బాలునికి బొమ్మ గీయవలెనని తొందర. కాని తాత వానికి కుంచె ఇయ్యలేదు; నానిన మేకతోలును, ఒక కత్తిని ఇచ్చి, “గీకుము” అనెను.

చెప్పులకు వాడు తోలును తంగేడుచెక్క వంటివానితో పదును చేయుదురు. అట్టి తోలు గట్టిదే కాని దానినుండి వెలుతురు రాదు. బొమ్మతోలు వేరు. దానిని పదును చేయరు. నీట నానవైచి, వెండ్రుకలను, లోపలి కండను గీకివేసి, బిగించి యెండబెట్టుదురు. అప్పుడది పలుచనై దీపకాంతిని తనలోనుండి పోనిచ్చును. ఆ వెలుతురు లేనిదే తోలుబొమ్మ లేదు.

బాలుని చేతులు నొచ్చినవి. “తాతా! ఇంకెంతసేపు గీకవలెను?” అని వాడడిగెను.

“దీపమునకు అడ్డముగ పట్టి చూడుము. ఆవలినున్న నీ వేళ్లు కనబడుచున్నవా?”

“లేదు తాతా.”

“అయినచో ఇంకను గీకుము నాయనా.”

వాడు విసుగుతో కత్తిని గట్టిగ లాగెను. తోలునకు చిల్లు పడెను. బాలుడు భయపడి తలవంచుకొనెను. తాత కోపపడలేదు. తోలును అటునిటు త్రిప్పి చూచి, “దీనిని పారవేయరాదు. ఒక ప్రాణి మనకిచ్చిన తోలు ఇది. ఈ చిల్లు రాముని హారమున కలిసిపోవునట్లు బొమ్మను పరచుకొందము” అనెను. తప్పును దాచుట వేరు, తప్పును దిద్దుట వేరు అని ఆ బాలుడు ఆనాడు గ్రహించెను.

తోలు ఆరిన పిమ్మట తాత పెట్టె తెరచి, పాత రాముని బొమ్మను బయటికి తీసెను. అంచులు నలిగినవి, రంగు వెలసినది, మోచేతికడ అతుకు పడినది. ఆయన దానిని నేలపై పరచి, క్రొత్త తోలును దానిమీద ఉంచెను. క్రింది గీతలన్నియు పైకి కనబడినవి. “ఈ గీతల వెంట నీ చేయి నడపుము” అని బాలునికి చెప్పెను.

వాడు గీయుచు, “తాతా! ఈ బొమ్మ నీవు చేసినదేనా?” అని అడిగెను.

“బొమ్మ నాది. గీత నాది కాదు. మా మేనమామ నాకు గురువు. ఆయన బొమ్మపై తోలు పరచి నేను గీసితిని. ఆయన తన గురువు బొమ్మపై పరచి గీసెను. రాముని కంటికొన ఇట్లు కొంచెము పైకి లేచియుండుట ఎవరు మొదలిడిరో నాకు తెలియదు. మా మామ మాత్రము ఆ గీత గీయునప్పుడు ఊపిరి బిగపట్టెడివాడు. నేనును అంతే.”

బాలుడు తనకు తెలియకయే ఊపిరి బిగపట్టెను.

గీతలు ముగిసిన పిదప రంధ్రములు. కొయ్యదిమ్మపై తోలునుంచి, సన్నని ఉలులతో కిరీటమునకు, హారములకు, వస్త్రపు అంచులకు వందలకొలది రంధ్రములు కొట్టవలెను. ఆ రంధ్రములనుండి వచ్చు వెలుగే తెరపై రత్నములై మెరయును. రంధ్రములు మరీ దగ్గరైనచో తోలు చిరుగును. దూరమైనచో నగ వెలవెలబోవును. ఎంత దూరమో కొలిచి చెప్పు కొలబద్ద లేదు. గురువు చేతిచప్పుడు విని నేర్చుకొనవలసినదే. తరువాత రంగులు. పూర్వము చెట్లనుండి తీసిన రంగులు వాడెడివారు. పిమ్మట అంగడి రంగులు వచ్చినవి. వెలుతురున చక్కగ కనబడుటకై తోలునకు రెండువైపులను రంగు వేయుదురు. రామునకు నీలము, ఆంజనేయునకు ఆకుపచ్చ. కడపట మెడ, భుజము, మోచేయి, నడుము, మోకాలు వేరువేరుగ కత్తిరించిన ముక్కలను దారముతో ముడివేసి, నడుమ చీల్చిన వెదురుబద్దను కట్టుదురు. ముడి బిగువైనచో చేయి కదలదు, వదులైనచో నిలువదు. పదితలల రావణునివంటి పెద్దబొమ్మకు పలు తోళ్లు కావలెను.

ఏండ్లు గడచెను. తాత కాలము చేసెను. ఆయన ఆడించిన రాముని బొమ్మ ఆటకు పనికిరాని స్థితికి వచ్చినది. జీర్ణించిన బొమ్మను చెత్తలో వేయరాదనియు, భక్తితో నదిలో విడువవలెననియు ఈ కుటుంబములలో ఒక ఆచారము కలదు. అప్పుడే పట్టణమునుండి ఒక వర్తకుడు వచ్చి, పాతబొమ్మకు మంచి ధర యిచ్చెదనని చెప్పెను. ఇంట గింజలు లేవు. మనుమడు రాత్రియంతయు ఆలోచించెను. అమ్మినచో కొన్నాళ్లు కడుపు నిండును. తాత చేతిపని ఎవరి గోడమీదనో వ్రేలాడును. నీట విడిచినచో ఆచారము నిలుచును, గీత పోవును.

తెల్లవారకమునుపే వాడు లేచెను. మంచి తోలునొకదానిని తీసికొని, పాతబొమ్మపై పరచి, దీపపు వెలుగున గీయసాగెను. కంటికొన యొద్దకు వచ్చినప్పుడు ఊపిరి బిగపట్టెను. క్రొత్త బొమ్మ పూర్తియైన పిదపనే పాతబొమ్మను వస్త్రమున చుట్టి నదికి తీసికొనిపోయెను. వర్తకుడు తిరిగివచ్చినప్పుడు, “పాతది ఏటిపాలైనది. క్రొత్తది కావలెనన్నచో చేసి యిచ్చెదను” అని చెప్పెను.

ఇది ఊహించిన కథయే. కాని ఇందలి కష్టము ఊహ కాదు. సినిమాలు, పిదప టెలివిజను గ్రామములకు వచ్చుటతో రాత్రియంతయు ఆట చూచువారు తగ్గిరి. బండ్లు ఆగిపోయినవి. పెక్కు కుటుంబములు కూలిపనులకు మరలినవి. దేవతల బొమ్మలకు పూర్వము జింకతోలు వాడెడివారు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముతో జింకల వేట నిషిద్ధమైనది. అది న్యాయమైన చట్టమే. శిల్పులు మేకతోలుతోనే దేవతలను తీర్చుచున్నారు. గురువు వాడిన వస్తువు మారినను గురువు నేర్పిన పని నిలువగలదని దీనివలన తెలియుచున్నది.

ధర్మవరమునకు సమీపమున నిమ్మలకుంట యను గ్రామము కలదు. 2022వ సంవత్సరమునకు పూర్వము అది అనంతపురము జిల్లాలోనిది. నేడు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరియున్నది. అచ్చటి శిల్పులు ఆట తగ్గినను తోలును విడువలేదు. అవే తోళ్లు గీకి, అవే గీతలు గీసి, అవే రంధ్రములు కొట్టి దీపముల గొడుగులు, గోడకు వ్రేలాడదీయు చిత్రములు చేయసాగిరి. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు 1999 నాటి చట్టముక్రింద భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ గ్రామమునకే చెందిన దళవాయి చలపతిరావుగారిని భారతప్రభుత్వము 2020వ సంవత్సరమున పద్మశ్రీ పురస్కారమునకు ఎంపిక చేసినది. తోలును తాకు పనిని లోకము చిన్నచూపు చూచిన కాలములు కలవు. ఆ తోలునే గీకి రాముని నిలిపిన చేతులకు దేశము నమస్కరించుట ఎంతయు సముచితము.

అయినను ఒక ప్రశ్న మిగిలియున్నది. దీపపు గొడుగుపై వ్రాసిన రాముడు కదలడు, పాడడు. ఆట లేని బొమ్మ సగము బొమ్మయే కదా? ఈ మాటలో సత్యము కలదు. బొమ్మ పుట్టినది ఆటకొరకు. ఆట పూర్తిగ నిలిచిపోయినచో, ముడి ఎంత బిగువుగ ఉండవలెనో చెప్పువాడు ఒకనాటికి ఉండడు. గొడుగునకు ముడులతో పని లేదు. ద్విపద పాడువాడును ఉండడు. కాని గొడుగులే లేకున్నచో గీకు చేయి, గీయు చేయి ఎన్నడో ఆగిపోయి యుండెడివి. గొడుగు ఇంటికి అన్నము పెట్టినది. ఆ యన్నము తిని విద్య బ్రతికినది. అందుచేత గొడుగును నిందింపరాదు, దానితోనే తృప్తిపడనురాదు.

గురువును స్మరించుటకు పటము కట్టి పూలమాల వేయుదుము. అది మంచిదే. అయితే పటమునకు వేసిన పూలు మరునాటికి వాడును. గురువు నేర్పిన పనిని ఆయన చేసినంత శ్రద్ధతో చేయుట వాడని పూజ. ఆ పనిని మరియొకరికి నేర్పుట అంతకంటె మిన్న. పేరు తెలియని ఎవరో పూర్వశిల్పి గీసిన కంటికొన నేటికిని ఒక బాలుని ఊపిరి బిగపట్టించుచున్నదన్నచో, ఆ శిల్పి పోయినాడని ఎట్లు చెప్పగలము?

మీ ఊరిలోనో, పొరుగూరిలోనో ఒక కుమ్మరియో, నేతగాడో, వడ్రంగియో, చెప్పులు కుట్టువాడో ఉండును. సెలవుదినమున ఆయనయొద్దకు పోయి కొంతసేపు కూర్చుండుడు. “ఈ పని మీకెవరు నేర్పిరి?” అని అడుగుడు. ఆయన చేతిపని ఆపి, ఒక పేరు చెప్పును. ఆ పేరును మీరు జ్ఞాపకముంచుకొనుడు.

ప్రశ్నలు

1. చెప్పులకు వాడు తోలునకును, బొమ్మలకు వాడు తోలునకును గల భేదమేమి?
2. “బొమ్మ నాది. గీత నాది కాదు.” — ఈ మాటల భావమును వివరింపుము.
3. మనుమడు పాతబొమ్మను అమ్మక, వెంటనే నీట విడువక, ఏమి చేసెను? నీవైనచో ఏమి చేసియుందువు?
4. దీపపు గొడుగులవలన ఈ కళకు కలిగిన మేలేమి? తీరని కొరత యేమి?
5. మీ ఊరిలోని ఒక చేతిపనివానిని కలిసికొని, ఆయన గురువును గూర్చి పది వాక్యములు వ్రాయుము.