తిన్నది వంటబట్టుటెట్లు?

గ్రామములలో పర్యటించునపుడు తల్లులు మమ్ము తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు. "బాబూ, మావాడికి పెట్టక కాదు. ఎంత పెట్టినా తిన్నది వంటబట్టదు. ఏదైనా మందు చెప్పండి." ఇట్లడిగిన యొక తల్లి లోనికి పోయి, బలము వచ్చునని యెవరో చెప్పగా కొన్న పొడి డబ్బాను తెచ్చి మాకు చూపినది. దాని వెలతో ఆ యింటికి నెలకు సరిపడు కందిపప్పును, వేరుసెనగలును వచ్చియుండెడివి. డబ్బా ఖాళీ అయినది గాని పిల్లవాని ప్రక్కటెముకలు కనబడుచునే యున్నవి. బడిలో చెడుగుడు జట్టునుండి వానిని తొలగించిరి. తోటివారి హేళనకు తాళలేక వాడు ఆటస్థలము దరికే పోవుట మానినాడు.

ఆ బాలుని వయస్సు 15 ఏండ్లు, ఎత్తు 160 సెంటీమీటర్లు, తూకము 38 కిలోలు. ఇట్టి పిల్లలు మన పల్లెలలో పెక్కుమంది కలరు. కావున ఈ విషయమును పాఠకులతో కలసి కొంత విచారింతము.

సన్నదనమంతయు జబ్బు కాదు

యుక్తవయస్సున పిల్లలు ముందుగా పొడవు పెరుగుదురు. కండ తరువాత పట్టును. తల్లిదండ్రులు సన్ననివారై, పిల్లవాడు చురుకుగా తిరుగుచు, ఏటేట తగినట్లు పెరుగుచున్నచో భయపడ నవసరము లేదు. అనుమానము తీర్చుకొనుట కొక లెక్క కలదు. కిలోలలోని తూకమును, మీటర్లలోని ఎత్తును ఎత్తుతోనే హెచ్చించగా వచ్చిన సంఖ్యచే భాగింపవలెను. పైబాలుని విషయమున 1.60ని 1.60చే హెచ్చించిన 2.56 వచ్చును. 38ని దానితో భాగించిన సుమారు 14.8. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికల ప్రకారము 15 ఏండ్ల పిల్లలకు ఈ అంకె సుమారు 16కు తగ్గరాదు. అనగా ఆ యెత్తునకు వాడు కనీసము 41 కిలోలు తూగవలెను. వయస్సునుబట్టి ఈ హద్దు మారును గనుక ఆరోగ్య కేంద్రమున పట్టిక చూపించుకొనుట మంచిది.

ముందు కారణము వెదకుడు

కుండకు చిల్లియుండగా నీరు పోసిన నిలుచునా? కడుపులో నులిపురుగులున్న పిల్లవానికి పెట్టిన తిండిలో కొంత వానిపాలే యగును. ఇందులకై 2015 నుండి జాతీయ నులిపురుగుల నివారణ దినమున బడులలోను, అంగన్‌వాడీలలోను ఆల్బెండజోల్ మాత్రలు ఉచితముగ నిచ్చుచున్నారు. రక్తహీనత యున్న పిల్లలకు ఆకలి మందగించును, అలసట హెచ్చును. బడిలో వారమున కొకసారి యిచ్చు ఇనుము, ఫోలిక్ ఆమ్లముల మాత్రను పారవేయక, భోజనానంతరము మ్రింగవలెను.

రెండు వారములు మించిన దగ్గు, సాయంకాలపు జ్వరము, ఉన్న తూకము తగ్గిపోవుట కనబడినచో జాగు చేయక క్షయకు పరీక్ష చేయింపవలెను. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో పరీక్షయు, మందులును ఉచితము. అతిదాహము, మాటిమాటికి మూత్రము పోవుటతో చిక్కిపోవు పిల్లలకు రక్తములో చక్కెరను పరీక్షింపవలెను.

ఏమి పెట్టవలెను?

ఆ తల్లి "పెట్టక కాదు" అన్నది అబద్ధము కాదు. అయితే ఏమి పెట్టుచున్నదని మేము విచారించితిమి. ఉదయము టీ నీళ్ళు. రాత్రి చారన్నము, పచ్చడి మెతుకులు. కడుపు నిండుచున్నది గాని కండకు కావలసిన మాంసకృత్తులు చాలుట లేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన ప్రమాణముల ప్రకారము 13 మొదలు 15 ఏండ్ల బాలునకు దినమునకు 45 గ్రాములు, బాలికకు 43 గ్రాములు మాంసకృత్తులు అవసరము.

ఇందుకు డబ్బాలు కొననక్కరలేదు. వంద గ్రాముల వేరుసెనగ గింజలలో సుమారు 25 గ్రాములు, అంతే కందిపప్పులో 20 గ్రాములకు పైగా, ఒక కోడిగ్రుడ్డులో సుమారు 6 గ్రాములు మాంసకృత్తులున్నవి. బియ్యములోని లోటును పప్పు పూరించును. అందుచేతనే మన పెద్దలు పప్పన్నమును, పులగమును అలవాటు చేసిరి. రాగిసంకటి ఎముకలకు సున్నమును సమకూర్చును.

ఉన్న భోజనమునకు తోడుగా దినమునకు గుప్పెడు వేరుసెనగలు, చిన్న బెల్లపుముక్క, అరటిపండు, గ్లాసెడు పాలు, అన్నములో చెంచాడు నెయ్యి లేక నూనె చేర్చిన చాలును. సుమారు 500 కాలరీల శక్తి అదనముగ లభించును. ఉదయము పెరుగు కలిపిన చద్దియన్నము తినక బడికి పంపరాదు. ఒక్కసారి ఎక్కువ తినలేని పిల్లలకు అయిదారు మార్లు కొంచెము కొంచెముగ పెట్టవలెను. ఆకుకూరపై నిమ్మరసము పిండిన అందలి ఇనుము బాగుగ వంటబట్టును. భోజనముతో టీ త్రాగిన తగ్గిపోవును.

వ్యాయామము

సన్ననివారు వ్యాయామము చేసిన మరింత చిక్కిపోవుదురని కొందరి భయము. తిండి చాలనప్పుడు అది నిజమే. తగిన తిండి కలిగినప్పుడు వ్యాయామమే ఆ తిండిని కండగా మార్చును. ఆకలిని, గాఢనిద్రను కలిగించును. వారమునకు మూడు దినములు, దినము విడిచి దినము, అయిదేసి దండీలు, పదేసి బస్కీలు మూడు విడతలుగా తీయవలెను. దండీలు తీయలేనివారు మొదట గోడకు చేతులానించి చేయవచ్చును. సులువైనకొలది సంఖ్యను పెంచవలెను. తక్కిన దినములలో చెడుగుడు, ఈత, నడక మేలు. పొలము పనిచేయు పిల్లలకు ఆ పనికి తగిన తిండి వేరుగా చేర్చవలెను. నిద్ర ఎనిమిది గంటలకు తగ్గరాదు.

ఆడపిల్లల మాట

ఇంటిలో అందరు తినిన పిమ్మట అడుగున మిగిలినది ఆడపిల్లకు పెట్టు ఆచారము ఇంకను కొన్నిచోట్ల కలదు. చిక్కిపోయిన బాలిక రేపు తల్లియైనప్పుడు ఆ లోటు బిడ్డకు కూడ సంక్రమించును. శ్రీకాకుళం జిల్లా పల్లెలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో 240 కిలోల బరువెత్తి కాంస్యపతకము గెలిచినది. బలము మగపిల్లల సొత్తు కాదు.

మోసపోవలదు

పొడి పనిచేయకపోగా ఆ తల్లికి మరియెవరో "ఒళ్ళు చేసే మాత్రలు" సూచించిరి. ఇట్టి మాత్రలలో తరచుగా స్టిరాయిడ్ మందులుండును. వానివలన ముఖము ఉబ్బును, నీరు చేరును. చూచువారికి బలమువలె తోచును. లోపల ఎముకలు బలహీనమగును, రక్తపుపోటు, చక్కెర పెరుగును. వైద్యుడు వ్రాయని మాత్రలను తాకవలదని మేము గట్టిగా చెప్పితిమి.

నాలుగు నెలల పిమ్మట మరల ఆ దారిని పోయితిమి. ఆరోగ్య కేంద్రమున నులిపురుగులకును, రక్తహీనతకును మందిచ్చిరట. తూకము 41 కిలోలు దాటినది. నెలకు ఒక కిలో లోపుగ పెరుగుటయే. ఆత్రపడి దినదినము తూచక, నెలకొకసారి తూచి గోడమీద వ్రాసికొనినారు. పిల్లవాడు ఇంటలేడు, చెడుగుడు ఆడుటకు పోయినాడు. "ఇప్పుడు కంచం కడిగినట్టు తింటున్నాడు బాబూ" అని తల్లి నవ్వినది.

పాఠకులారా! మీ యింటను, మీ వీధిలోను ఇట్టి పిల్లలున్నచో నేడే తూకము వేయించుడు. వారికి కావలసినది డబ్బా కాదు; కంచములో పప్పు, చేతిలో గుప్పెడు వేరుసెనగలు, ఆటస్థలములో చోటు.