రెండు వచనాల నడుమ పదమూడేళ్లు

ప్రశ్న: పెళ్లయి తొమ్మిదేళ్లు. బిడ్డ కోసం దేవుని వాగ్దానం పట్టుకుని ప్రార్థిస్తున్నాను. ఇంకెన్నాళ్లు, పాస్టరు గారూ?

జవాబు: నాకు తెలియదు, చెల్లెమ్మా. తెలుసన్నవాళ్లను నమ్మకండి. సంతానం గురించి దేవుని వాగ్దానం పొందిన అబ్రాహాముకు హారాను విడిచేనాటికి 75 ఏళ్లు, ఇస్సాకు పుట్టేసరికి 100. మధ్యలో ఆగలేక, భార్య శారా దాసి అయిన హాగరు ద్వారా ఇష్మాయేలును కన్నాడు, అప్పటికి 86. ఆదికాండము 16వ అధ్యాయం అక్కడితో ముగుస్తుంది. 17 తెరిస్తే ఆయనకు 99! మనం పేజీ తిప్పేస్తాం, వాళ్లు ఆ పదమూడేళ్లూ ఒక్కో రోజే గడిపారు. కొడుకు పుడతాడన్న మాట విని గుడారంలో శారా లోలోపల నవ్వుకుంది కూడా. అయినా ఇస్సాకు పుట్టడం ఆగలేదు. అందుకే మీ విసుగును ప్రార్థనలో దాచకండి. కానీ కొడుకు పుడతాడన్న ఆ వాగ్దానం అబ్రాహాముకు ప్రత్యేకంగా ఇచ్చింది. మీకూ అలాగే జరుగుతుందని నేను హామీ ఇవ్వలేను. డాక్టరు దగ్గరికి వెళ్లడం అవిశ్వాసం కాదు. మీ ఆయన్ని కూడా తీసుకెళ్లండి, పరీక్షలు ఇద్దరికీ కావాలి.