మీ పాస్‌వర్డ్ కంపెనీ దగ్గర ఎలా ఉంది?

ఈమెయిల్, బ్యాంకు, రైలు టికెట్లు, కరెంటు బిల్లు, ఆన్‌లైన్ షాపింగ్... ప్రతిచోటా ఒక ఖాతా, ప్రతి ఖాతాకూ ఒక పాస్‌వర్డ్. ఖాతా తెరిచేటప్పుడు కంపెనీలు మనకు చాలా నియమాలు చెబుతాయి. కనీసం ఎనిమిది అక్షరాలుండాలి, అంకె ఉండాలి, ప్రత్యేక గుర్తు ఉండాలి, ఎవరికీ చెప్పకూడదు. ఇవన్నీ మన వైపు నుంచి పాటించాల్సినవి. మరి మనం ఇచ్చిన పాస్‌వర్డ్ కంపెనీ కంప్యూటర్‌కు చేరాక ఏమవుతుంది? అక్కడ కంపెనీ పాటించాల్సిన నియమాలేమిటి?

ఈ ప్రశ్నకు ప్రాధాన్యం ఉంది. మనం ఎంత బలమైన పాస్‌వర్డ్ పెట్టుకున్నా, కంపెనీ దాన్ని ఉన్నది ఉన్నట్టుగా రాసి పెట్టుకుంటే, ఆ జాబితా దొంగ చేతికి చిక్కిన రోజు మన జాగ్రత్త అంతా వృథా అవుతుంది. పాస్‌వర్డ్‌ను దాచే పద్ధతి మన కంటికి కనిపించదు. అందుకే అది కంపెనీకి మన మీద ఉన్న శ్రద్ధకు మంచి కొలమానం.

పోల్చడానికి పాస్‌వర్డ్ అక్కర్లేదు

మనం లాగిన్ అయినప్పుడు, టైపు చేసిన పాస్‌వర్డ్ సరైనదో కాదో కంపెనీ తేల్చాలి. అందుకోసం అసలు పాస్‌వర్డ్‌ను దగ్గర పెట్టుకోవాలి కదా అనిపిస్తుంది. నిజానికి అక్కర్లేదు. ఇక్కడే హ్యాష్ అనే గణిత ప్రక్రియ ఉపయోగపడుతుంది.

బియ్యాన్ని పిండి పట్టిస్తే మళ్లీ గింజలుగా మార్చలేం. హ్యాష్ కూడా అలాంటి ఒకవైపు ప్రయాణమే. పాస్‌వర్డ్‌ను అందులో వేస్తే అర్థం లేని అక్షరాలు, అంకెల వరుస ఒకటి బయటికి వస్తుంది. అదే పాస్‌వర్డ్ ఎన్నిసార్లు వేసినా అదే వరుస వస్తుంది. ఒక్క అక్షరం మారితే వరుస పూర్తిగా మారిపోతుంది. ఆ వరుసను చూసి పాస్‌వర్డ్‌ను వెనక్కి రాబట్టే సూత్రం లేదు. ఉదాహరణకు, షా-1 అనే హ్యాష్ పద్ధతిలో నాలుగు అక్షరాల పాస్‌వర్డ్ ఇచ్చినా, నలభై అక్షరాలది ఇచ్చినా ఫలితం మాత్రం 40 గుర్తుల వరుసే.

కాబట్టి కంపెనీ హ్యాష్‌ను మాత్రమే దాచుకుంటే సరిపోతుంది. మనం మళ్లీ లాగిన్ అయినప్పుడు టైపు చేసినదానికి హ్యాష్ కట్టి, దాచినదానితో పోల్చుకుంటుంది. రెండూ ఒకటైతే తలుపు తెరుచుకుంటుంది.

కాస్త ఉప్పు కలపాలి

హ్యాష్ ఒక్కటే చాలదు. వెనక్కి వెళ్లే దారి లేకపోయినా దొంగకు ముందుకు వెళ్లే దారి ఉంది. జనం ఎక్కువగా వాడే లక్షల పాస్‌వర్డ్‌లకు అతను ముందే హ్యాష్‌లు కట్టి పట్టిక తయారు చేసుకోగలడు. దొంగిలించిన జాబితాను ఆ పట్టికతో పోల్చితే చాలు. పైగా ఇద్దరు ఒకే పాస్‌వర్డ్ పెట్టుకుంటే ఇద్దరి హ్యాష్‌లూ ఒకేలా ఉంటాయి. ఒకరిది తెలిస్తే రెండోవారిదీ తెలిసినట్టే.

దీనికి విరుగుడుగా కంప్యూటర్ శాస్త్రజ్ఞులు ‘సాల్ట్’, అంటే ఉప్పు, అనే పద్ధతిని తెచ్చారు. ప్రతి వినియోగదారుడి పాస్‌వర్డ్‌కూ యాదృచ్ఛికంగా పుట్టించిన వేరే వేరే గుర్తులను కలిపి, ఆ తర్వాత హ్యాష్ కడతారు. అప్పుడు ఒకే పాస్‌వర్డ్ ఉన్న ఇద్దరికీ వేర్వేరు హ్యాష్‌లు వస్తాయి. ముందే తయారు చేసుకున్న పట్టిక పనికిరాదు. దొంగ ఒక్కొక్కరి మీద విడివిడిగా కష్టపడాల్సిందే.

రెండో జాగ్రత్త, హ్యాష్ కట్టే పనిని కావాలని నెమ్మదిగా చేయడం. లాగిన్ అయ్యేవారికి సెకనులో పదోవంతు ఆలస్యం తెలియదు. కోట్ల సార్లు ఊహించి చూడాల్సిన దొంగకు మాత్రం అది పెద్ద అడ్డుగోడ.

ఈ రెండు జాగ్రత్తలూ కొత్తవి కావు. బెల్ ల్యాబ్స్‌కు చెందిన రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ యూనిక్స్ కంప్యూటర్ వ్యవస్థ అనుభవాలతో 1979లో ప్రచురించిన పత్రంలోనే ఈ రెండూ ఉన్నాయి. 1999లో వచ్చిన బీక్రిప్ట్ పద్ధతిలో ఈ నెమ్మదితనాన్ని అవసరమైనంత పెంచుకునే వీలు కల్పించారు. కంప్యూటర్లు వేగవంతమయ్యేకొద్దీ దీన్ని మరింత నెమ్మదిగా మార్చుకోవచ్చు.

ఒక చిన్న లెక్క

ఇంగ్లిష్ చిన్న అక్షరాలు 26. వాటితో ఎనిమిది అక్షరాల పాస్‌వర్డ్‌లు సుమారు 20,883 కోట్లు తయారవుతాయి. దొంగ యంత్రం సెకనుకు 1,000 కోట్ల ఊహలు పరీక్షించగలదనుకుందాం. షా-1 వంటి వేగవంతమైన హ్యాష్ విషయంలో నేటి గ్రాఫిక్ కార్డులకు ఇది అసాధ్యమేమీ కాదు. అప్పుడు అన్నింటినీ పరీక్షించడానికి 21 సెకన్లు చాలు.

అదే యంత్రాన్ని నెమ్మదైన హ్యాష్ సెకనుకు 10,000 ఊహలకే పరిమితం చేసిందనుకుందాం. అప్పుడు దాదాపు 242 రోజులు పడుతుంది. పాస్‌వర్డ్ అదే, యంత్రం అదే. మారింది కంపెనీ ఎంచుకున్న పద్ధతి ఒక్కటే.

ఇప్పుడు మన వైపు నుంచి చూద్దాం. పాస్‌వర్డ్ పొడవును ఎనిమిది నుంచి 14 అక్షరాలకు పెంచితే, వేగవంతమైన హ్యాష్ ఉన్నా అన్నింటినీ పరీక్షించడానికి సుమారు 204 ఏళ్లు పడుతుంది. అయితే ఆ అక్షరాలు ఏ క్రమమూ లేనివై ఉండాలి. పేర్లు, పుట్టిన తేదీలు, అందరికీ తెలిసిన మాటలు అయితే దొంగలు వాటినే ముందుగా ప్రయత్నిస్తారు.

తెలిసిన జాగ్రత్తను వదిలేస్తే

2012 జూన్‌లో లింక్డ్‌ఇన్ వినియోగదారుల పాస్‌వర్డ్‌ల హ్యాష్‌లు దాదాపు 65 లక్షలు ఇంటర్నెట్‌లో ప్రత్యక్షమయ్యాయి. అవి షా-1 పద్ధతిలో కట్టినవి. వాటిలో ఉప్పు కలపలేదు. మోరిస్, థాంప్సన్‌ల పత్రం వచ్చి అప్పటికి 33 ఏళ్లు. ఆ ఘటన అక్కడితో ఆగలేదు. అదే దొంగతనానికి చెందిన 11 కోట్లకు పైగా ఈమెయిల్, పాస్‌వర్డ్ వివరాలు 2016లో అమ్మకానికి వచ్చాయి. 2012 నుంచి పాస్‌వర్డ్ మార్చుకోనివారి పాత పాస్‌వర్డ్‌లను కంపెనీ అప్పుడు రద్దు చేసింది. మధ్యలో గడిచినవి నాలుగేళ్లు.

2013లో అడోబీ సంస్థది మరో రకం లోపం. అక్కడ పాస్‌వర్డ్‌లను హ్యాష్ చేయకుండా ఎన్‌క్రిప్షన్ చేశారు. ఎన్‌క్రిప్షన్ అంటే బీరువాలో పెట్టి తాళం వేయడం. తాళంచెవి దొరికితే మొత్తం బయటికి వచ్చేస్తుంది. పైగా అన్నింటికీ ఒకే తాళంచెవి వాడటంతో, ఒకే పాస్‌వర్డ్ ఉన్నవారందరి దగ్గరా ఒకేలాంటి వరుస కనిపించింది. పాస్‌వర్డ్ గుర్తుకు రావడానికి వినియోగదారులు రాసుకున్న సూచనలు మాత్రం చదవగలిగే రూపంలోనే ఉన్నాయి. ఒకే వరుస ఉన్నవారి సూచనలను పక్కపక్కన పెట్టి చూస్తే, తాళంచెవి లేకుండానే ఎన్నో పాస్‌వర్డ్‌లు బయటపడ్డాయి. దాదాపు 19 లక్షల మంది వాడింది ఒకటి నుంచి ఆరు వరకు అంకెలను వరుసగా రాసిన పాస్‌వర్డ్ అని పరిశోధకులు తేల్చారు. బాధితులు 29 లక్షల మంది అని మొదట ప్రకటించిన కంపెనీ, కొన్ని వారాల్లోనే ఆ సంఖ్యను 3.8 కోట్లకు పెంచింది.

నష్టం ఆ ఒక్క వెబ్‌సైట్‌తో ఆగదు. ఎక్కువ మంది ఒకే పాస్‌వర్డ్‌ను నాలుగైదు చోట్ల వాడతారు. ఒకచోట దొరికిన పాస్‌వర్డ్‌ను దొంగలు మిగతా చోట్ల ప్రయత్నిస్తారు. ఉద్యోగ సంబంధాల వెబ్‌సైట్‌లో జరిగిన నిర్లక్ష్యం చివరికి మన ఈమెయిల్ దాకా, దాని నుంచి బ్యాంకు ఖాతా దాకా పాకవచ్చు.

ఎప్పుడు చెప్పారు?

ఎంత జాగ్రత్తపడినా లోపాలు జరుగుతాయి. లోపం బయటపడ్డాక ఏం చేశారన్నది కంపెనీ తీసుకునే నిర్ణయం. అసలు పరీక్ష అక్కడే.

దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయని మన సామెత. యాహూ విషయంలో ఆరు నెలలు కాదు, ఏళ్లు పట్టింది. 2014లో 50 కోట్ల ఖాతాల వివరాలు పోయిన సంగతి వినియోగదారులకు 2016 సెప్టెంబరులో తెలిసింది. 2013లో జరిగిన మరో దొంగతనంలో 100 కోట్ల ఖాతాలు పోయాయని 2016 డిసెంబరులో చెప్పారు. 2017 అక్టోబరులో ఆ సంఖ్య 300 కోట్లని, అంటే అప్పటి ఖాతాలన్నీ అని ప్రకటించారు. 2014 నాటి చొరబాటు గురించి కంపెనీ భద్రతా బృందానికి కొద్ది రోజుల్లోనే తెలిసిందని అమెరికా స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ నిర్ధారించి, 2018లో 3.5 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. అయితే ఆ జరిమానా పెట్టుబడిదారులకు విషయం చెప్పనందుకు. పాస్‌వర్డ్ మార్చుకునే అవకాశం లేకుండా గడిచిన కాలాన్ని వినియోగదారులకు ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

దీనికి భిన్నమైన ఉదాహరణ 2018 మే నెలలో ట్విటర్‌ది. హ్యాష్ కట్టడానికి ముందే పాస్‌వర్డ్‌లు కంపెనీ అంతర్గత నమోదుల్లో రాసుకుపోతున్న లోపాన్ని ఆ సంస్థ గుర్తించింది. దొంగతనం జరిగినట్టు ఆధారం లేకపోయినా తానే ప్రకటించి, 33 కోట్లకు పైగా వినియోగదారులను పాస్‌వర్డ్ మార్చుకోమని కోరింది. ఇలాంటి లోపమే ఫేస్‌బుక్‌లోనూ ఉన్న సంగతి 2019 మార్చిలో బయటికి వచ్చింది. ముందుగా ఒక భద్రతా విలేకరి కథనం రాశాక కంపెనీ వివరణ ఇచ్చింది. ఈ వ్యవహారంలో ఐర్లాండ్ సమాచార రక్షణ సంస్థ 2024లో 9.1 కోట్ల యూరోల జరిమానా విధించింది. లోపాలు ఒకేలాంటివి. కానీ ఆ కబురు వినియోగదారుడికి చేరిన తీరు వేరు.

మన దేశంలో నియమాలు

2011లో కేంద్రం తెచ్చిన నియమాల్లో సున్నితమైన వ్యక్తిగత సమాచారం జాబితాలో మొదటి అంశం పాస్‌వర్డే. 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ జారీ చేసిన ఆదేశాల ప్రకారం సైబర్ ఘటనను గుర్తించిన ఆరు గంటల్లోగా సంస్థలు దానికి తెలియజేయాలి. అయితే ఆ కబురు ప్రభుత్వ సంస్థకు చేరుతుంది, మనకు కాదు.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఈ లోటును పూడుస్తుంది. సమాచారం లీకైతే బాధితులైన ప్రతి వ్యక్తికీ సంస్థ తెలియజేయాలి. తగిన భద్రతా చర్యలు తీసుకోకపోతే 250 కోట్ల రూపాయల వరకు, లీకు సంగతి తెలియజేయకపోతే 200 కోట్ల రూపాయల వరకు జరిమానా ఉంటుంది. దీని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ముఖ్యమైన బాధ్యతలు దశలవారీగా అమల్లోకి వస్తాయి.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆ జరిమానా ప్రభుత్వ సంచిత నిధికి వెళ్తుంది, బాధితుడికి రాదు. నిర్లక్ష్యం వల్ల నష్టపోయినవారికి పరిహారం ఇవ్వాలని చెప్పిన ఐటీ చట్టంలోని 43ఏ సెక్షన్‌ను తొలగించే నిబంధన కూడా ఇదే చట్టంలో ఉంది. కంపెనీకి శిక్ష పడటం, వినియోగదారుడికి న్యాయం జరగడం రెండూ ఒకటి కావు. ఈ తేడాపై చర్చ జరగాల్సిన అవసరం ఉంది.

బయటి నుంచే గమనించదగిన గుర్తులు

కంపెనీ సర్వర్‌లోకి మనం తొంగి చూడలేం. కానీ కొన్ని గుర్తులు బయటికే కనిపిస్తాయి.

1. పాస్‌వర్డ్ మరిచిపోయామంటే కొత్తది పెట్టుకునే లింకు రావాలి. పాత పాస్‌వర్డే ఈమెయిల్‌లో తిరిగి వచ్చిందంటే, దాన్ని చదవగలిగే రూపంలో దాచారని అర్థం. అది పెద్ద ప్రమాద సూచన.

2. పాస్‌వర్డ్ పది, పన్నెండు అక్షరాలు దాటకూడదంటే అనుమానించాలి. హ్యాష్ పొడవు ఎప్పుడూ ఒకటే కాబట్టి స్థలం సమస్య రాదు.

3. కస్టమర్ కేర్ ఉద్యోగి మన పాస్‌వర్డ్ అడగాల్సిన అవసరం ఎప్పుడూ ఉండదు. అడిగితే అవతల ఉన్నది మోసగాడైనా కావాలి, లేదా ఆ కంపెనీ పద్ధతి తప్పైనా కావాలి.

4. కారణం లేకుండా ప్రతి మూడు నెలలకూ పాస్‌వర్డ్ మార్చమనడం భద్రతను పెంచదు. చాలామంది చివరి అంకెను మాత్రమే మారుస్తారు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే ఈ పద్ధతి వద్దని సూచించింది. లీకైన ఆధారం ఉన్నప్పుడు మాత్రం వెంటనే మార్చాలి.

5. రెండో అంచె తనిఖీ సదుపాయం ఉందో లేదో చూడాలి. ఉంటే తప్పక వాడుకోవాలి.

మన వంతుగా ప్రతి ఖాతాకూ వేరే పాస్‌వర్డ్ పెట్టుకోవాలి. అన్నీ గుర్తుంచుకోవడం కష్టం కాబట్టి పాస్‌వర్డ్ మేనేజర్ వాడుకోవచ్చు. లీకు జరిగిందని సందేశం వస్తే అందులోని లింకు నొక్కకుండా నేరుగా ఆ వెబ్‌సైట్‌కు వెళ్లి మార్చుకోవాలి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయాలి.

రహస్యం కంపెనీకి ఇవ్వకపోతే?

కొన్నేళ్లుగా పాస్‌కీ అనే పద్ధతి వ్యాప్తిలోకి వస్తోంది. ఇందులో మన ఫోను రెండు తాళంచెవుల జంటను తయారు చేస్తుంది. రహస్యమైనది మన దగ్గరే ఉంటుంది. కంపెనీకి వెళ్లే రెండోది సరిచూసుకోవడానికి మాత్రమే పనికొస్తుంది. దాన్ని దొంగిలించినా దానితో లాగిన్ కావడం కుదరదు.

ఈ పద్ధతి వెనక ఉన్న సూత్రం మిగతా సమాచారానికీ వర్తిస్తుంది. కంపెనీ దగ్గర లేనిదాన్ని అక్కడి నుంచి ఎవరూ దొంగిలించలేరు. అవసరమైనంతే అడగడం, అడిగినదాన్ని భద్రంగా దాచడం, పోయినప్పుడు వెంటనే చెప్పడం... వినియోగదారుడిని గౌరవించే సంస్థను ఈ మూడింటితోనే గుర్తుపట్టవచ్చు. మీ భద్రతే మా ప్రాధాన్యం అని ఈసారి ఏ కంపెనీ అయినా ప్రకటిస్తే, ఈ మూడు ప్రశ్నలూ అడిగి చూడండి.