కరవు కాలపు ప్రార్థన

పాఠభాగము: యిర్మీయా 14:1–9

చిత్రావతి యెండి యిసుక తేలుట పుట్టపర్తి ప్రాంతపు రైతులకు క్రొత్త కాదు. ఎఱ్ఱనేలలో వానను నమ్మి వేరుసెనగ విత్తుదుము. ఊడలు దిగువేళ పదును లేనియెడల కాయ పట్టదు. ధాత సంవత్సరమున మొదలైన 1876–78 నాటి పెద్ద కరవు ఈ సీమలో అనేక ప్రాణములను బలిగొనెను.

యిర్మీయా దినములలోను అట్లే. నీళ్లకు పోయినవారు వట్టి కుండలతో తిరిగివచ్చిరి. నేల బీటలువారెను, సేద్యగాండ్రు సిగ్గుపడిరి. ప్రవక్త వారితో అంతయు మేలేయని చెప్పలేదు. తమ్మును విడువవద్దని దేవునికి మొఱపెట్టెను.

88వ కీర్తన చీకటిలోనే ముగియును. అయినను అది ప్రార్థనయే. లాజరును లేపబోవుచున్నానని యెరిగియు యేసు కన్నీరు విడిచెను (యోహాను 11:35).

కాబట్టి ప్రియులారా, పంట పోయిన యింటికి వెళ్లి, దుఃఖము విశ్వాసలోపమని బోధింపకుడి. యోబు స్నేహితులు ఏడు దినములు మౌనముగా కూర్చున్నంతవరకు మేలే చేసిరి. నోరు తెరచిన పిమ్మట తప్పిపోయిరి. మీరును వారి అరుగుమీద ఊరక కూర్చుండుడి. ఏరువాక నాటికి మీ విత్తనములో వారికిని పాలు ఇయ్యుడి.

ధ్యానించుడి: మన మొఱను దేవుని యెదుట దాచుచున్నామా?